బల్ల దగ్గర కుర్చీ

ఎర్రగా కాలిన ఇనుము మీద సమ్మెట పడుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు కమ్మరి షెడ్డులో లూకా పెదవులు ఆ లయకే కదులుతున్నాయి: "దొరా, నేనూ మనిషినే." దెబ్బకొక మాట. ఏళ్ళ తరబడి సమ్మెటపోటుకు కుడిభుజం పల్లంగా జారిపోయింది. నిప్పురవ్వలు ముంజేతుల మీద తెల్లని నువ్వుగింజల్లాంటి మచ్చలు చల్లిపోయాయి.

ఆ సాయంత్రం న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళ నాటకం. దూరదేశపు చెరకుతోటలో బానిసగా బతికిన నల్లవాడి కథ. పేరుమోసిన పాత ఇంగ్లీషు నవల. గుమాస్తా జగ్గారావు దాన్ని తెలుగు చేసి, దొర వేషం తానే కట్టాడు, బానిస వేషం లూకాకిచ్చాడు. చివరి రంగంలో దొర మనసు మారి, బానిసను తన భోజనపు బల్ల దగ్గర కూర్చోబెడతాడు. ఆ ఘట్టం చదివినప్పుడల్లా జగ్గారావు కళ్ళు చెమ్మగిల్లేవి. జగ్గారావు ఇంటి అరుగు దాటి లూకా ఏనాడూ లోపలికి పోలేదు. రిహార్సళ్ళలో అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ వచ్చేది, అతనికి తాగి పారేసే మట్టిముంతలో. బెంగాలు అలవాటేగా, అనేవారు. బల్ల దగ్గర కుర్చీ మాత్రం ఉండేది కాదు, ఉన్నట్టు నటించేవారు.

ఈరోజు కుర్చీ వచ్చింది.

"నీకు మసి కర్సు నేదురా లూకా! దేవుడే పూసి పంపినాడు," అన్నాడు రంగులు పూసే నూకయ్య.

"తెల్లరంగే, జగ్గారావు బావుకి డబ్బాడు పట్టీసింది గదన్నా," అన్నాడు లూకా.

తెరవెనక అందరూ నవ్వారు. ముఖాన తెల్లరంగుతో జగ్గారావు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"లూకా, ఆకర్న నువ్వు కూకోకు. పక్కన సేతులు కట్టుకొని నిలబడిపో."

"కతలో కూకుంతాడు గద బావూ?"

"కత సరేరా. కుర్సీ మా ఇంటిది. ముందువరసలో మాయమ్మ ఉంది."

"ఏరే కుర్సీ తెత్తే?"

జగ్గారావు చూపు తిప్పుకున్నాడు. "ఏ కుర్సీ అయినా, మాయమ్మ సూత్తాదిరా."

లూకా తలూపాడు. తెర ఇంకా మూసే ఉంది. వేదిక మీద బల్ల పక్కన వేసి ఉంచిన కుర్చీ దగ్గరికి వెళ్ళి, భుజం మీది తువ్వాలు తీసి, రైల్లో సీటు ఆపుకున్నట్టు దానిమీద పరిచాడు. ముడతలు సాపుచేశాడు. వెనక మెట్లు దిగాడు.

"ఏటిరా, ఎక్కడికి?" అన్నాడు నూకయ్య.

"ఇంటికన్నా."

అతని నడక ఇంటిదారిన పూరీ గేట్ వైపు సాగిపోయింది.

నాటకం మొదలయ్యే గంట మోగింది. "ఆ తువ్వాలు తీసీండి," అన్నాడు జగ్గారావు. నూకయ్య జగ్గారావును చూశాడు. జగ్గారావు నూకయ్యను చూశాడు. ఎవరి చెయ్యీ తువ్వాలు మీదికి పోలేదు. తెర లేచింది.

దీపాల వెలుగులో కుర్చీ నిండా, రవ్వలు కాల్చిన చిల్లులతో, చెమట ఆరని ఎర్ర తువ్వాలు.