నలభై ఒకటో కొక్కెం

ఆ తొమ్మిది సెకన్ల నిశ్శబ్దంలో ఆయన వేదిక మీద ఏం చేస్తాడు? ఇరవై రెండేళ్లుగా ఆమె అడుగుతూనే ఉంది. ఒక్కరూ జవాబు చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం కూడా అదే ప్రశ్నను మనసులో తిప్పుకుంటూ ఆమె ఇత్తడి టోకెన్లను గుడ్డతో తుడిచి, వరుసగా కొక్కేలకు తగిలించింది. సంగీతశాల వాకిలి పక్కన, ప్రేక్షకులు గొడుగులూ సంచులూ అప్పగించి వెళ్లే ఇరుకు గది అది. టోకెన్ల అంచులు ఒరిసి ఆమె కుడి బొటనవేలి చర్మం కాయకట్టింది; నిలబడి నిలబడి చీలమండలు ఉబ్బాయి. 'టోకెనమ్మ' అన్నదే పేరుగా మిగిలింది.

గదికీ హాలుకీ నడుమ ఒక్క గోడ. విదేశాల నుంచి వచ్చిన విద్వాంసులందరినీ ఆమె ఆ గోడకు చెవి ఆనించే విన్నది. అందరిలోకీ ఇష్టమైనవాడు హార్మోనియం లాంటి అకార్డియన్ వాయిస్తూ నవ్వించే ఒక ముసలాయన. నాలుగుసార్లు వచ్చాడు. ఆయన పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆమెకు కంఠతా వచ్చు. ఒకచోట మాత్రం వాద్యం ఆగుతుంది, మాట ఉండదు, తొమ్మిది సెకన్లు. అంతలో హాలంతా పగలబడి నవ్వుతుంది. ఆ నవ్వు దేనికో గోడ చెప్పదు. ప్రదర్శన ముగిశాక, కళ్లు తుడుచుకుంటూ సంచులు అందుకునేవారిని ఆమె అడిగేది. "అది చెబితే రాదమ్మా, చూడాలి" అని అందరిదీ ఒకటే మాట. చూసే వీలు ఆమెకు లేదని గమనించేంత తీరిక వారిలో ఎవరికీ లేకపోయింది.

ఇది ఆయన చివరి పర్యటన. అందుకే ఆమె టికెట్ కొన్నది: జె వరుస, పద్నాలుగో సీటు. తన స్థానంలో కూర్చోవడానికి ఆడపడుచును ఒప్పించి, వారం రోజులు పని నేర్పింది.

"నవ్వడానికి టికెట్ కొన్నావా? ఇంట్లో నా మొహం ఊరికే కనబడుతోందిగా" అన్నది ఆడపడుచు, స్టూలు మీద సర్దుకుంటూ.

"నీ మొహం చూసి నవ్వితే నాకు అన్నం ఎవరు పెడతారు వదినా?"

"పొద్దున మెట్ల మీద ఛాతీ పట్టుకుని ఆగిపోయావు. ఇంకోసారి చూద్దువుగానిలే."

"ఆయనకి ఇంకోసారి లేదు."

మేనేజరు తలుపు దగ్గర అడ్డం నిలిచాడు. "పనివాళ్లు హాల్లో కూర్చోకూడదు. రూలు తెలీదా?"

"తెలుసండి. ఈ పూట నేను పనిలో లేను." నాలుగు మడతల సెలవు చీటీని విప్పి, అతని సంతకం అతనికే చూపించింది. అతడు పక్కకు తప్పుకున్నాడు.

గొడుగులు లోపలికి తీసుకువెళ్లకూడదన్నదీ రూలే. ఆమె తన నల్ల గొడుగును బల్ల మీద పెట్టింది. విరిగిన పిడికి దారం చుట్టి ఉంది. ఆడపడుచు దానిని నలభై ఒకటో కొక్కేనికి తగిలించి టోకెన్ ఇచ్చింది.

"పోగొట్టావో, గొడుగు దక్కదు. టోకెన్ లేనిదే దేవుడొచ్చినా ఇవ్వొద్దని మా మరదలి ఆజ్ఞ."

ఆమె నవ్వి, టోకెన్‌ను గుప్పిట్లో బిగించి, లోపలికి నడిచింది.

ఈసారి గోడకు చెవి ఆనించినది ఆడపడుచు. వాద్యం ఆగింది. వేళ్ల మీద తొమ్మిది లెక్కపెట్టింది. నవ్వులు విరుచుకుపడ్డాయి, వాటిలో ఒకటి అందరికంటే ఒక్క ఊపిరి ముందుగా మొదలైంది.

ప్రదర్శన ముగిసి జనం వెళ్లిపోయారు. కొక్కేలన్నీ ఖాళీ అయ్యాయి, ఒక్కటి తప్ప.

"గట్టిగా నవ్వారండి. తరువాత తల వెనక్కి వాల్చారు. పాట వింటున్నారనుకున్నాను" అన్నాడు పక్క సీటాయన. ఆమె గుండె ఆగి అరగంట అయిందని వైద్యుడు చెప్పాడు. గుప్పిటను ఎవరూ విప్పలేదు. టోకెన్ ఆమెతోనే వెళ్లింది.

వారం తరువాత, ఆ రోజు సీట్లో మరిచిపోయిన కండువా కోసం పక్క సీటాయన మళ్లీ వచ్చినప్పుడు ఆడపడుచు అడిగింది: "ఆ నిశ్శబ్దంలో ఆయన ఏం చేశాడు బాబూ?"

"అది చెబితే రాదండి" అని, అతడు కండువా మెడకు చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ గదిలో పని ఆడపడుచుదే. టోకెన్ తెచ్చినవారు లేరు కనుక ఆ గొడుగును ఆమె ఎవరికీ ఇవ్వదు. మీరూ గోడకు అవతల కూర్చుని చూసి వచ్చినవారే. ఈసారి సంచి కోసం చేయి చాచే ముందు, నలభై ఒకటో కొక్కేనికి వేలాడుతున్న ఆ దారం చుట్టిన పిడిని చూడండి. చూసి, ఆయన ఏం చేశాడో చెప్పండి.