తాతకి బంగాళాదుంప వద్దు

అమెరికాలోని ఆ నవాహో ఆదివాసుల ఇంట్లో ఆ రోజు నలుగురున్నారు. లోపలి గదిలో మంచం మీద తాత, పొయ్యి దగ్గర లొరిండా పిన్ని, పొద్దున్నే గొర్రెను కోసొచ్చి చేతులు కడుక్కుంటున్న హారిసన్ మామ, ఫోన్ పట్టుకుని మనవరాలు షాందీన్.

ఏ పండగా లేకుండా గొర్రెను ఎందుకు కోశారని ఆ పిల్ల అడగలేదు. అసలు నోరు విప్పే పిల్ల కాదు. తాత కిడ్నీలు పాడయ్యాక డయాలసిస్ సెంటర్ వాళ్ళు ఫోన్‌లో ఒక యాప్ వేసిచ్చారు. ఆయన తినేదీ తాగేదీ అందులో ఎక్కించడం ఆమె పని. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లేది అక్కడొక్కచోటే.

పిన్ని మాంసం, బంగాళాదుంపలు పులుసుతో సహా పళ్ళెంలో వేసి తాత ఒళ్ళో పెట్టింది. షాందీన్ గబగబా ఫోన్‌లో కొట్టి చూసింది. కిడ్నీ రోగులకి పడని పొటాషియం గీత ఎర్రబడింది. తాత చెంచా ముంచేలోపే పళ్ళెం లాగేసుకుంది.

"పొటాషియం పోయేలా దుంపలు నానబెట్టలేదు. తాతకి వద్దు."

తాత నవ్వాడు. "నీ ఫోన్ నాకంటే ముసలిదే, ఊరికే సణుగుతుంది. బోర్లా పెట్టు, అది చూడకుండా తినేస్తా."

"రేపు డయాలసిస్ తాతా!"

"రేపు సెంటర్ వ్యాన్ రాదు" అన్నాడు మామ, వంటింట్లోంచే.

"దారి బురదా?"

"దారి బానే ఉంది."

"మరి ఎల్లుండి?"

మామ మళ్ళీ చేతులు కడుక్కోసాగాడు. నవాహో ఇళ్ళల్లో చావు మాట పైకి అనరు, అంటే పిలిచినట్టే. అందుకే ఇన్నాళ్ళూ ఆమెకెవరూ చెప్పలేదు. ఇక డయాలసిస్ సూదులు చాలని తాతే అనేశాడని, గొర్రెను కోసింది అందుకేనని అప్పుడు ఆమెకి తెలిసింది.

"దుంపలు రెండుసార్లు ఉడికిస్తా. నీళ్ళు కొలిచి ఇస్తా. గీతలన్నీ పచ్చగా వచ్చేలా చూసుకుంటా. వ్యాన్‌ని రమ్మనండి మామా!"

అన్ని మాటలు ఆమె ఎప్పుడూ ఒక్కసారిగా మాట్లాడలేదు.

"ఇటియ్యి తల్లీ, చల్లారిపోతోంది" అన్నాడు తాత మెల్లగా.

ఇస్తే ఒప్పుకున్నట్టే. పళ్ళెం గుండెకి హత్తుకుని గుమ్మం దాటి వెనక్కి నడిచింది. పులుసు చొక్కా మీదికి ఒలికింది.

పిన్ని వెంట వచ్చి, ఒక్కొక్క వేలూ విడదీసి పళ్ళెం తీసుకుంది.

"ఆయన్ని తిననివ్వవే."

పిన్ని పళ్ళెంతో గదిలోకి వెళ్ళి, షాందీన్ ముఖం చూడకుండా తలుపు వేసేసింది.