మూడో చరణం

నడుస్తూ తనలో తాను గొణుక్కోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇంట్లో గొణుగుడు అని వెక్కిరించేవాళ్లు. ర్యాప్ పాడటం మొదలుపెట్టాక ఆ వెక్కిరింపే పేరై పోస్టర్ల మీదికెక్కింది. ఇప్పుడు రికార్డింగ్ గదిలో, నల్లటి స్పాంజి గోడల మధ్య, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని నిలబడ్డ గొణుగుడికి మూడో చరణం దగ్గర నోరు ఎండిపోతోంది.

మొదటి రెండు చరణాలతో పేచీ లేదు. కొత్త బూట్లు, వీధి చివరి స్నేహితులు, తన గురించి తనే చెప్పుకునే గొప్పలు. మూడోదాంట్లో అక్క పనిచేసే బట్టల ఫ్యాక్టరీ ఉంది. గుడ్డ ముక్కలు బయటికి పోతున్నాయని అక్కడ వెనక తలుపుకి తాళం వేస్తారు. "నిప్పంటుకుంటే ఎటు పోవాలో ఏమో," అంది అక్క ఒకరోజు, ఉతికిన బట్టలు మడతపెడుతూ. అనేసి ఇంకో చొక్కా అందుకుంది. ఆ మాట మాత్రం అతని వెంట ఊరంతా తిరిగింది.

"చరణం తీసెయ్యమనట్లేదు బ్రదర్," అన్నాడు పాటల కంపెనీ మేనేజరు, అద్దం అవతలి నుంచి. ఆయన ఎప్పుడూ ఏదీ తీసెయ్యమనడు. "కాస్త బరువు తగ్గించమంటున్నా. జనం ఊగుతుంటారు. మధ్యలో తాళం, నిప్పు అంటే కాళ్లు ఆగిపోవూ?"

అప్పుడే అతనికి ఉపాయం తట్టింది.

"ఒక్క మాట కూడా తియ్యను. స్పీడ్ పెంచుతాను."

ఊపిరి తీసుకోకుండా చరణమంతా లాగించేశాడు. బయటికి వచ్చేసరికి సౌండ్ ఇంజినీరు లేచి నిలబడి ఉన్నాడు.

"నాలుకా, మోటారా అన్నా అది?"

"ఇదీ నాక్కావలసింది!" మేనేజరు అద్దం మీద దరువేశాడు. "దీన్ని పట్టుకోలేక కుర్రాళ్లు వీడియోలు పెట్టి చస్తారు. శుక్రవారం వదిలేద్దాం."

చరణం, శుక్రవారం రెండూ దక్కాయి అనుకుంటూ నడిచాడు గొణుగుడు. దక్కినవాడికి ఉండాల్సిన నిదానం మాత్రం లేదు. ఆకుపచ్చ లైటు పడినా రోడ్డు దాటలేదు, ఎర్రది పడ్డాక దాటాడు. 'అన్నీ చెప్పావు కదా, ఎవరడిగినా చూపించొచ్చు,' అని మనసు వాదించింది. ఎవరూ అడగకముందే ఈ వాదన ఎందుకో అర్థం కాలేదు.

అక్క అప్పుడే పని నుంచి వచ్చి, బకెట్లో వేడినీళ్లు పోసుకుని, పాదాలు ముంచి కూర్చుని ఉంది. ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో పెట్టి, రెండోది తను పెట్టుకున్నాడు. బూట్ల దగ్గర నవ్వింది. మూడో చరణం దగ్గర కళ్లు పెద్దవి చేసింది.

"అమ్మో! ఊపిరెలా ఆడిందిరా నీకు?"

"ఏం వినపడింది?"

"ఏముంది, టకటకటకా. బాగుంది."

"అది నీ గురించే అక్కా."

"నా గురించా? నేనెప్పుడైనా అంత హడావుడిగా ఉన్నానా? ఏదీ, మెల్లగా చెప్పు."

చెప్పబోయాడు. రాలేదు. నోటికి పరిగెత్తడమే తెలుసు. మెల్లగా అనేసరికి రెండో పంక్తిలో తడబడి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగిపోయాడు. చివరికి మామూలుగా చెప్పేశాడు. "మీ వెనక తలుపుకి తాళం వేస్తారని."

బకెట్లో పాదాల కదలిక ఆగిపోయింది.

"నన్నడక్కుండా పెట్టావా? సూపర్‌వైజరు ముందు నా మొహమే చూస్తాడు. నీ తమ్ముడే కదా అంటాడు."

"ఎవరికీ అర్థం కాదులే అక్కా."

"మరెందుకు పెట్టావు?"

అందులో కోపం లేదు. అందుకే జవాబు వెతకాల్సి వచ్చింది. వెతికితే దొరికింది మంచిది కాదు. కంపెనీకి వినపడకుండా, తనకు మాత్రం వినపడేలా పెట్టుకున్నాడు.

"తీసేస్తాను," అన్నాడు.

"తీసెయ్యమన్నానా? పెట్టుకునేదీ నువ్వే, దాచుకునేదీ నువ్వే, భయపడేదీ నువ్వే. మధ్యలో నేనెక్కడున్నానురా?" తువ్వాలు అందుకుని పాదాలు తుడుచుకుంది. కుడి పాదం తుడవడం చాలాసేపు సాగింది. "ఆ తలుపుకి వీపు పెట్టుకుని కూర్చునేది నేనొక్కదాన్నే కాదు. మా అక్క అనకు. మేం అను. వినపడేలా అను. లేదంటే మానెయ్."

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్లాడు. మెల్లగా పాడితే మాటలు దరువులో పట్టవు, సగానికి పైగా పోవాలి. ముందు పోయినవి అతనికి ఇష్టమైన పోలికలే. తెగనరికాక మిగిలింది ఇంతే. మేం కుడుతున్నాం. వెనక తలుపుకి తాళం. తాళంచెవి ఎవరి జేబులో? ఆ తర్వాత వట్టి దరువు.

"ఇక్కడ ఖాళీగా ఉందన్నా. ఏమన్నా వేద్దామా?" అన్నాడు ఇంజినీరు.

"వద్దు."

మేనేజరు కళ్లు మూసుకుని విన్నాడు. "చాలా బాగుంది," అన్నాడు. నిజంగానే అన్నాడు. "నేను ఇంట్లో పెట్టుకుని వింటాను. శుక్రవారం వెళ్లేది మాత్రం నిన్నటిదే."

"నిన్నటిది పంపను."

"అయితే శుక్రవారం లేదు బ్రదర్. ఆవేశం దిగాక ఫోన్ చెయ్యి."

వీధిలోకి వచ్చి, పాటను అక్క ఫోన్‌కి పంపాడు. కాళ్లు ఒకచోట నిలవలేదు. వేదిక మీద తను తల వంచుకుని ఉన్నట్టు, ఆ ఖాళీలో వేలమంది నిశ్శబ్దంగా ఉండి ఒక్కసారిగా కేక వేసినట్టు ఊహ మెదిలింది. పట్టుకుని చూస్తే అది కూడా అమ్మకమే. దాన్ని తోసేశాడు. మలుపు తిరిగేలోగా మళ్లీ వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల వేళ అక్క ఫోన్ చేసింది. వెనక ఆడవాళ్ల గొంతులు.

"అందరం విన్నాంరా. టకటకలాడించే కుర్రాడికి పాపం నీరసమొచ్చిందా అని అడుగుతోంది ఒకావిడ."

"అర్థమైందా?"

"మా సంగతి మాకు అర్థమవడానికేం? ఉండు, ఇంకోసారి పెట్టమంటున్నారు."

ఆమె ఫోన్ కట్ చెయ్యలేదు. ఇంకెవరి ఫోన్‌లోనో తన గొంతు సన్నగా వినపడింది. మేం కుడుతున్నాం. తాళం. జేబు. తర్వాత ఆ ఖాళీ వచ్చింది.

ఖాళీలో ఎవరో ఆ తాళం వేసిన ఇనుప తలుపు మీద అరచేత్తో కొట్టారు. ఒకసారి. దరువు తప్పింది. ఎవరో నవ్వారు. రెండోసారి చాలా చేతులు పడ్డాయి, ఈసారి తప్పలేదు.

"ఎవరదీ?" అని దూరం నుంచి ఒక మగ గొంతు.

తలుపు మోగుతూనే ఉంది. గొణుగుడు ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని, ఫ్యాక్టరీ వైపు అప్పటికే పరుగులాంటి నడకలో ఉన్నాడు.