బిల్లుల లాప్‌టాప్ ఫోనైన రోజు

జగ్గయ్యపేటలో అచ్చయ్యగారి ఇంటి కోడళ్లు చీరలు కట్టుకోవడమే గానీ తమ చీరల కొట్లో నిలబడి అమ్మిన పాపాన పోలేదు. చిన్న కోడలు ఉషశ్రీ ఫోన్లో లైవ్ పెట్టి అమ్ముతానని దసరాకి అడిగితే, ఆయన ఉగాదికి ఊఁ అన్నాడు. అన్నా మెలిక పెట్టాడు. ఈ శుక్రవారం లైవ్‌లో ఒక్క చీరైనా పోకపోతే, కొట్లో ఆమెకిచ్చిన మూల కాస్తా రెడీమేడ్ చొక్కాలకు వెళ్లిపోతుంది.

తీరా శుక్రవారం పొద్దున ఉషశ్రీ ఫోను గుమ్మం మీద పడి తెర బద్దలైంది. భర్త లక్ష్మీకాంత్ సరుకు కోసం బెజవాడ వెళ్లాడు. మామగారిది బటన్ల ఫోను.

"పక్క కొట్టువాళ్ల ఫోన్ అడగనా మామయ్యగారూ?"

"అడుగమ్మా. చీరలకంటే ముందు మన పరువు అమ్ముడుపోద్ది."

ఆ మాట అన్నాక ఎవరడుగుతారు? తన సిమ్ తీసి ఆ బటన్ల ఫోనులోనే వేసి, నందిగామలో కంప్యూటర్లు బాగుచేసే స్నేహితురాలు మహిమకు ఫోన్ చేసింది.

"కొట్లో బిల్లుల లాప్‌టాప్ ఉందిగా. ఆండ్రాయిడ్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ బస్సులో పంపిస్తున్నా. అది పెట్టి ఆన్ చేస్తే లాప్‌టాపే ఫోనవుద్ది" అంది మహిమ.

"బిల్లులు పోతాయేమో కనుక్కో" అన్నాడు అచ్చయ్య.

"పోవు బాబాయిగారూ. పెన్‌డ్రైవ్ తీసేస్తే మళ్లీ మామూలే" అంది ఆ మాట ఫోన్లో విన్న మహిమ.

నందిగామ బస్సు కండక్టరు చేతిలోంచి పొట్లం అందుకుని ఉషశ్రీ ఒక్క ఉరుకున కొట్లో పడింది. మహిమ చెప్పిన మీట నొక్కింది. తెర నల్లబడింది. కాసేపటికి ఫోన్లో ఉండే బొమ్మలన్నీ లాప్‌టాప్ నిండా పరుచుకున్నాయి. ఆమెకు గంతెయ్యాలనిపించింది, ఎదురుగా మామగారున్నారని ఆగింది. కొట్టు వైఫై తగిలించి, లైవ్ యాప్ దించుకుంది.

"ఉండమ్మా" అన్నాడు అచ్చయ్య. కొత్తగా పనిలోకి దిగే వస్తువుకు బొట్టు పెట్టకుండా బోణీ చేసే వంశం కాదు వాళ్లది. గంధం, కుంకుమ తెచ్చి, లాప్‌టాప్‌కు నుదురనిపించిన చోట, తెర పై అంచున నట్టనడుమ నిండుగా అద్ది దణ్ణం పెట్టాడు.

లైవ్ మొదలైంది. ఉషశ్రీ పట్టుచీర విప్పి వర్ణించడం మొదలెట్టింది. తెరమీద మాత్రం చీకటి. కింద "ఏం కనపట్లేదక్కా", "కరెంటు పోయిందా" అని మెసేజీలు. చూసేవాళ్లు ఒక్కొక్కరే జారుకుంటున్నారు. తన మూల చొక్కాలపాలైనట్టే అనుకుని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"కెమెరా రావట్లేదే మహిమా" అంది బటన్ల ఫోను అందుకుని.

"వస్తదే. పైన దాని కన్నుకేమన్నా అడ్డముందేమో చూడు."

ఉషశ్రీ చూసింది. తర్వాత మామగారిని చూసింది. ఆయన తన వేలి కుంకుమ చూసుకున్నాడు. వంగి, కండువా కొసతో తుడిచాడు. వెలుగొచ్చేసరికి ఊళ్లన్నిటికీ ముందు ఆయన మొహమే కనిపించింది, మీసాలతో సహా.

"తాతగారూ, కాస్త జరిగి ఆ ఆకుపచ్చ చీర చూపించండి" అని గరికపాడు నుంచి కృష్ణప్రియ అనే ఆవిడ రాసింది. ఉషశ్రీ చీర భుజాన వేసుకుని అంచు చూపించింది. "నాకు తీసి ఉంచండి" అందావిడ. వెంటనే కంచికచర్ల నుంచి ఇంకొకరు అందులోనే వంకాయరంగు ఉందా అని అడిగారు.

ఉషశ్రీ తలెత్తి చూసింది. వంకాయరంగు పై అరలో ఉంది. కెమెరా ముందు నుంచి కదిలితే వాళ్లు మళ్లీ జారుకుంటారు.

అచ్చయ్య గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచాడు. ఎంతటి బేరమొచ్చినా ఆయన లేచి చీర తియ్యడం ఆమె కాపురానికొచ్చాక చూడలేదు. స్టూలెక్కి, దొంతరమీద చెయ్యివేసి, కోడలివైపు తిరిగాడు.

"ఏది తియ్యమంటావమ్మా?"