ఆరు సెల్లుల ఆదివారం

“సారూ, మన దగ్గర ఒక ల్యాంపు టాపు దొరుకుతదా? బిడ్డకు కావాల్నట.”

మొదటి షిఫ్టు ముగించి గనిలోంచి పైకొచ్చిన లాల్‌సింగ్, నెత్తిమీది దీపం విప్పి నా కిటికీలోంచి అందిస్తూ అడిగాడు. నేను ఆ గనిలో దీపాల గది ఇన్‌చార్జిని. దీపాలకు చార్జింగు పెట్టేది నేను, పెట్టకపోతే చార్జిషీటు అందుకునేదీ నేనే. పాతికేళ్లుగా దీపాల మధ్య కూర్చున్నా, ల్యాంపుకు టాపు అనే భాగం ఒకటుందని నాకు తెలియదు.

“టాపేంటయ్యా? ముందుండే అద్దమా? వెనకుండే డిప్పా?”

“ఏమో సారూ. రాత్రి ఫోన్‌ల గట్లనే చెప్పింది. నోట్సు రాసుకునేందుకట.”

“దీపంతో నోట్సు రాయడమేంటి?”

“హాస్టల్‌ల కరెంటు ఉంటలేదేమో. చీకట్ల కూసొని రాసుకుంటుందేమో సారూ...” అన్నాడు. రోజూ భూమికి మూడు వందల గజాల కింద చీకట్లో పనిచేసేవాడు, కూతురికి చీకటి అనేసరికి తట్టుకోలేకపోయాడు.

నాకూ జాలేసింది. మూలన పడేసిన పాత దీపం ఒకటి విప్పి, దాని అద్దం, డిప్ప, బల్బు కాగితంలో చుట్టి, “ఇందులో టాపు ఏదైతే అది తీసుకోమను, మిగతాది నాకు తెచ్చెయ్” అన్నాను. సాయంత్రం వాళ్ల క్వార్టరుకు వెళ్లి నేనే వాళ్ల బిడ్డ ఉషారాణికి ఫోన్ కలిపి, సామాన్లన్నీ పేరుపేరునా చదివాను.

అవతల పిల్ల ఇంకోసారి చదవమంది. తర్వాత నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గింది.

“అంకుల్! ల్యాంపు టాపు కాదు. ల్యాప్‌టాప్! చిన్న కంప్యూటరు!”

నేను ఫోన్ చెవికి దూరం పెట్టి, ఆ దంపతుల వైపు తిరిగి ప్రకటించాను. “ల్యాప్ అంటే ఒడి. ఒళ్లో పెట్టుకుని రాసుకునే పెట్టె. ఒడిలో బడి అన్నమాట!”

లాల్‌సింగ్ నవ్వాడు. పొయ్యి దగ్గర జొన్నరొట్టె కాలుస్తున్న అతని భార్య హేమ్లి నవ్వలేదు. “ఒడిల ఏదో ఒకటి ఉంటే మంచిదే సారూ” అంది, రొట్టె తిరగేస్తూ.

ఉషారాణి కొత్తగూడెంలో డిగ్రీ చదివినన్నాళ్లూ ఇంట్లోనే ఉంది. ఆ ఏడాది, అంటే రెండువేల తొమ్మిదిలో, వరంగల్లు యూనివర్సిటీలో ఎమ్మేలో సీటొచ్చింది. వరం కలిగింది కనక వరంగల్లని నేనే లడ్డూలు పంచాను. పిల్ల జులైలో వెళ్లింది. పక్షానికోసారి వస్తానంది. దసరాకు వచ్చి రెండు రోజులుంది, అంతే. నవంబరు సగమైంది.

“ఎందుకు రావట్లేదమ్మా?” అని అప్పుడే, ఫోన్ స్పీకర్లో పెట్టి అడిగాను.

“సార్లు ఇంగ్లిష్‌ల గడగడ చదువుతరు అంకుల్. నేను ఒక వాక్యం రాసేలోపు మూడు పోతయి. ఆదివారమంతా మా క్లాసు హర్షిత నోట్సు ముందు పెట్టుకొని ఎక్కించుకునుడే. అదే పెట్టె ఉంటే క్లాసులనే కొట్టేస్త. నాకు టైపు వచ్చు గదా. ఆదివారాలు ఖాళీ అయితయి.”

పొయ్యి దగ్గర రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. హేమ్లి లేచి వచ్చి ఫోన్ లాక్కుంది. “ఖాళీ అయితే ఇంటికొస్తవా?”

“వస్త యాడీ.” వాళ్ల లంబాడీ భాషలో అమ్మను అలా పిలుస్తారు.

“అన్ని ఆదివారాలా?”

“పెట్టె ఉంటే ఎందుకు రాను?”

హేమ్లి ఫోన్ పెట్టేసి భర్త వైపు తిరిగింది. “ఎప్పుడు కొంటవ్?”

అలా ఆ యింట్లో ల్యాప్‌టాప్ అంటే కంప్యూటరు కాకుండా పోయింది. ఆదివారంగా మారిపోయింది. నోట్సు కోసం నోట్లు, బోనసు పుణ్యమా అని, ఆ నెలలోనే సమకూడాయి.

ఎంపిక బాధ్యత ఉషారాణి నాకు అప్పగించింది. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటాను కాబట్టి నాకు అన్నీ తెలుసని ఆ పిల్ల నమ్మకం. దాన్ని ఎక్కడ నొక్కితే ఆగిపోతుందో మాత్రం నాకు బాగా తెలుసు. నలుగురైదుగురిని అడిగి ఒక చీటీ రాసుకుని, ఇద్దరినీ వెంటేసుకుని ఖమ్మం బస్సెక్కాను.

దుకాణం యజమాని శివకుమార్ ముప్పై దాటని మనిషి. ముందు ఒక పెద్ద పెట్టె తీసి తెరిచాడు. పదిహేను అంగుళాల తెర. సినిమా చూడొచ్చు, పాటలు వినొచ్చు, డిస్కులు వేయొచ్చు అని ఏకరువు పెట్టాడు.

“సినిమాలు పెడితే ఆదివారాలు ఖాళీగా ఎందుకుంటయి?” అంది హేమ్లి. పెద్ద పెట్టె మూతపడింది.

తర్వాత చిన్నది బయటికొచ్చింది. పది అంగుళాలు. పెద్ద బాలశిక్షంత ఉంది. లాల్‌సింగ్ దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, నడుముకు ఆనించుకుని, దుకాణంలోనే అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచాడు. వంగాడు. కూర్చుని లేచాడు.

శివకుమార్ బిత్తరపోయాడు. “ఏంది సార్ గట్ల చేస్తుండు?”

“గనిలో దీపం బ్యాటరీ నడుముకే ఉంటుందిలే నాయనా. ఎనిమిది గంటలు మోసే మనిషి. ఆయన నడుం ఒప్పుకుంటేనే సరుకు.”

“మా దీపం కంటె అల్కగుంది” అని తేల్చాడు లాల్‌సింగ్. “ఎన్ని గంటలు ఎలుగుతది?”

“పెద్దదైతే రెండు గంటల చిల్లర. ఇది ఆరు సెల్లుల బ్యాటరీ పెద్దాయనా, ఆరు గంటలు ఢోకా లేదు.”

“ఆరు సెల్లా! మా టార్చిలైటుకు మూడే.”

“ఒకే సెల్లుతో ఊరంతా మాట్లాడుతున్నావు, ఆరు సెల్లుంటే ఢిల్లీదాకా వినపడుతుంది” అన్నాను నేను. నా చీటీలో ఇంకా రెండు ప్రశ్నలున్నాయి. మీటలు మరీ చిన్నవైతే వేళ్లు తడబడతాయట, చూసుకోమన్నారు. నేను నొక్కి చూశాను. నా వేలు ఒకటి దింపితే మూడక్షరాలు పడ్డాయి.

“మీ ఏలు కాదు సారూ,” అని హేమ్లి నన్ను పక్కకు జరిపి, తన చూపుడువేలు ఒక్కో మీట మీద ఆనిస్తూ పోయింది. నొక్కలేదు. “ఉషవి నా ఏళ్లే. సరిపోతయి.” తర్వాత శివకుమార్‌ను అడిగింది. “ఇది జల్దీ రాస్తదా?”

“పాప ఎంత జల్దీ కొడితే గంత జల్దీ అమ్మా.”

“అయితే ఇదే.”

శివకుమార్ పెట్టె కట్టి, నల్లటి ఇటుకముక్కలాంటిది, దాని తోకలాంటి తీగ, హేమ్లి చేతిలో పెట్టాడు. “చార్జరమ్మా. మిగతావి మర్చిపోయినా దీన్ని మర్చిపోవద్దు. ఇది లేకుంటే రెండో నాటికి పెట్టె ఆరిపోతది.”

“ఆరిపోతదా?” అని హేమ్లి రెండుసార్లు అడిగింది. అతను రెండుసార్లు అవునన్నాడు.

ఆ రాత్రి లాల్‌సింగ్ దానికి నిండా చార్జింగు ఎక్కించాడు. మర్నాడు ఆదివారం, భార్యాభర్తలిద్దరూ మొదటి బస్సుకే వరంగల్లు వెళ్లి హాస్టల్లో ఇచ్చి వచ్చారు. పిల్ల తెరవగానే పెట్టె వెలిగిందట. స్నేహితురాళ్లంతా మూగారట. “యాడీ” అని తల్లి మెడ చుట్టూ చేతులేసిందట. గంటసేపే కూర్చోనిచ్చారు, మిగతా రోజంతా బస్సుకే సరిపోయిందని లాల్‌సింగ్ చెప్పాడు. హేమ్లి మాత్రం వచ్చే ఆదివారం బిడ్డ వస్తుందని వాకిట్లో కనపడ్డవాళ్లందరికీ చెప్పింది.

మంగళవారం మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది.

“అంకుల్, పెట్టె ఆరిపోయింది. చార్జర్ లేదు. సంచిలో లేదు, డబ్బాలో లేదు. దుకాణంల ఇయ్యనే లేదు అనుకుంట. బాకు చెప్పకండి. మోసపోయిననని బాధపడతడు.”

తండ్రిని ఆ పిల్ల ‘బా’ అంటుంది. ఆ బా కోసం నేను బాగా ఊగిపోయాను. బుధవారమే ఖమ్మం వెళ్లి దుకాణం గుమ్మంలోంచే అందుకున్నాను.

“డబ్బు చేతికిచ్చామని చేతివాటం చూపిస్తావా? చార్జరు ఎగ్గొట్టి చార్జి పూర్తిగా గుంజుతావా?”

“ఒట్టు సార్, అమ్మ చేతులనే పెట్టిన! మీరు పక్కనే ఉన్నరు గదా.”

ఉన్నాను. ఆ సమయంలో నేను నా మూడక్షరాల సంగతి ఇంకెవరికో చెబుతున్నాను; వాళ్లిద్దరి మాటలు నాకు తర్వాత తెలిసినవే. అందుకే ఇంకా గట్టిగా అరిచాను. పాపం శివకుమార్ తన దుకాణం పేరు పోతుందని, పిల్ల శనివారం వస్తోందని తెలుసుకుని, ఆదివారం ఇంకో చార్జరుతో తానే కొత్తగూడెం వస్తానన్నాడు.

శనివారం సాయంత్రం ఉషారాణి దిగింది. హేమ్లి ముఖం చూడాలి ఆ రోజు. కోడిని కోసింది. కూతురికి తల అంటి, చిక్కు తీస్తూ మళ్లీ మళ్లీ తీసిన చిక్కే తీసింది.

ఆదివారం పదింటికి శివకుమార్ వచ్చాడు. వాకిట్లో అతన్ని నిలబెట్టి నేను మళ్లీ మొదలుపెట్టాను. నా గొంతుకు పక్క క్వార్టర్ల కిటికీలు తెరుచుకున్నాయి. లాల్‌సింగ్ లోపల్నుంచి తువ్వాలతో వచ్చాడు.

“ఏం పోయింది సారూ? ఎందుకు గంత లొల్లి?”

“చార్జరయ్యా! నీ కూతురి పెట్టెకు చార్జరు!”

“అదా? అదెందుకు పోతది? ఇంట్లనే ఉంది గదా.”

అందరం లోపలికి వెళ్లాం. తలుపు వెనక మేకుకు, తీగ నీటుగా చుట్టి, నల్ల ఇటుకముక్క వేలాడుతోంది. పైన గోడమీద సుద్దతో ‘ఉషారాణి’ అని రాసి ఉంది. దీపాల గదిలో ఒక్కో అర కింద కార్మికుడి నంబరు రాస్తాం చూశారా, అచ్చం అలాగే.

“ఇక్కడెందుకు పెట్టినవ్ బా?” అంది ఉషారాణి.

“మరేడ పెడతరు? ఇరవై రెండేండ్లు దీపం పట్టుకొని దిగుతున్న. దీపం మనిషితోని పోతది. చార్జింగు అర దీపాల గదిలనే ఉంటది. దాన్ని ఎవ్వరు బొగ్గుబాయిలకు తీసుకపోరు. షిఫ్టు అయినంక పైకొస్తం, దీపం అరల పెడతం. గట్లనే అనుకున్న. నువ్వు వారం వారం వస్తనంటివి. వచ్చినప్పుడు ఎక్కిస్తం, మళ్ల తీసుకపోతవ్ అని...”

శివకుమార్ ముందు నవ్వాడు, ప్రాణం కుదుటపడిన నవ్వు. నేనూ నవ్వాను. తప్పు నా శాఖదే అని తేలింది కదా! ఉషారాణి కూడా తండ్రి భుజం మీద నుదురానించి నవ్వింది. ఇంతలో శివకుమార్ తల గోక్కున్నాడు.

“కాని అమ్మకు చెప్పిన గదా. దీన్ని మర్చిపోవద్దని, రెండో నాటికి ఆరిపోతదని. రెండుసార్లు చెప్పిన.”

అందరం హేమ్లి వైపు చూశాం.

“చెప్పిండు,” అంది హేమ్లి. “ఆయన మేకుకు తగిలిస్తుంటే చూసిన. చెప్పుదామనే నోరు తెరిచిన. మళ్ల మూసుకున్న. ఆరిపోతే వస్తది గదా అనుకున్న. ఎలుగుతుంటే ఎందుకొస్తది?”

“వస్తనని చెప్పిన గదా యాడీ.”

“దసరాకు ముందు కూడ చెప్పినవ్ బిడ్డా.”

ఉషారాణి కిందికి చూసింది. మెల్లగా అంది. “మూడు రోజుల క్లాసులు పోయినయి. సగం సగం రాసిన. హర్షిత దగ్గర కూసొని మళ్ల ఎక్కించుకోవాలె.”

“ఎప్పుడు?”

“ఆదివారమే కుదురుతది.”

హేమ్లి తలూపింది. మేకు దగ్గరికి వెళ్లి చార్జరు తీసి, చుట్టిన తీగ ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి, కూతురి సంచిలో బట్టల మధ్య, అన్నిటికన్నా అడుగున దోపింది. పైన మూత పెట్టిన ముంతలో కోడికూర, రొట్టెల మూట సర్దింది.

అప్పటికి పక్క క్వార్టరు రాఘవమ్మ గడప దాకా వచ్చేసింది. “ఏమైంది హేమ్లీ? ఏదో దొంగతనమంటున్నరు?”

“దొంగలు లేరక్కా,” అంది హేమ్లి, సంచి జిప్పు లాగుతూ. “బిడ్డ సామాను ఒకటి మా ఇంట్ల ఉండిపోయింది. ఆయనకు తెల్వక పెట్టిండు, నేను తెలిసే ఉంచిన. పాపం ఈ దుకాణమాయనది ఏం తప్పు లేదు. ఇచ్చి పంపుతున్న.”