బయటి చెయ్యి, లోపలి చెయ్యి

నేను ఒక వ్యాను తలుపును. పక్కకు జరిగి తెరుచుకునే రకం. పుట్టినప్పుడు చదును రేకును. ఫ్యాక్టరీలో పెద్ద ప్రెస్సు ఒక్క దెబ్బతో నన్ను వంచి రూపమిచ్చింది. కిటికీకి కంత కోశారు, అద్దం బిగించారు, కింద చిన్న చక్రాలు పెట్టి లాక్ అమర్చారు. నీలం చొక్కా వేసుకున్న ఒక మనిషి నన్ను తెరిచి మూసి, తెరిచి మూసి చూశాడు. మూసుకున్న ప్రతిసారీ తృప్తిగా తల ఊపాడు. తెరుచుకున్నప్పుడు మాత్రం పట్టించుకోలేదు. తలుపన్నాక గట్టిగా మూసుకుంటే చాలు కాబోలు అని అప్పుడే అనుకున్నాను.

మా వ్యానును మొదట మదనపల్లెలో ఒకాయన కొని పెళ్ళిళ్ళకు తిప్పాడు. పెళ్ళివారికి తలుపంటే ఎందుకంత కోపమో ఇప్పటికీ అర్థం కాలేదు. ఎక్కిన ప్రతివాడూ నన్ను బలంగా బాదేవాడు, బాదాక సరిగ్గా పడిందో లేదోనని ఇంకోసారి బాదేవాడు. తరువాత కొన్నాళ్ళు కుట్టుమిషన్ల కంపెనీకి ఆడవాళ్ళను చేరవేశాం. పొద్దున ఎక్కేటప్పుడు వాళ్ళు గలగలా మాట్లాడుకునేవారు, సాయంత్రం నా అద్దానికి తల ఆనించి నిద్రపోయేవారు. ఆ తరువాత ఒక కాంట్రాక్టరు మమ్మల్ని కొని, ఆకుపచ్చ రంగు వేయించి, కర్ణాటక సరిహద్దు దగ్గరి ఒక ఏనుగుల అడవిలో సందర్శకులను తిప్పడానికి పెట్టాడు.

రంగు వేసినవాడు నా మీద ఒక ఏనుగు బొమ్మ గీశాడు. మెడలో పూలదండ, కళ్ళల్లో నవ్వు. అడవి గేటు దగ్గర జనం నా పక్కన నిలబడి, ఆ బొమ్మ తొండం మీద చెయ్యి వేసి ఫొటోలు దిగేవారు. నిజం ఏనుగు కూడా ఇలాగే నవ్వుతుందనుకునేవారు చాలామంది. గేటు పక్కనే పెద్ద బోర్డు ఉండేది: వాహనం దిగరాదు, అరవరాదు, జంతువుల దగ్గరకు పోరాదు. దాన్ని కూడా ఫొటో తీసుకునేవారు. చదివినవాళ్ళు ఎందరో నాకు తెలియదు.

డ్రైవరు పేరు చెంగల్రాయులు. నలభై దాటిన మనిషి, మెత్తని స్వభావం. ఎవరైనా బతిమాలితే కాదనలేడు. అడవిలో తిరిగే డ్రైవరుకు అంత మెత్తదనం మంచిది కాదని నేను తెలుసుకునేసరికి చేయి దాటిపోయింది.

ఆ రోజు సాయంత్రం చివరి ట్రిప్పు. వారం మధ్య కాబట్టి ఎక్కింది నలుగురే. మదనపల్లెలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుకునే యుగంధర్, అతని మూడేళ్ళ కూతురు జోషిత. భార్య చంటిబిడ్డతో ఇంట్లో ఉండిపోతే, ఏనుగును చూపిస్తానని పెద్దదాన్ని తీసుకొచ్చాడు. మిగిలిన ఇద్దరు భక్తవత్సలం, ఆయన భార్య రుక్కమ్మ. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా బస్సు కండక్టరుగా పనిచేసి దిగిపోయిన మనిషి. వెంట రావలసిన అటవీశాఖ వాచరు ఆ రోజు రాలేదు. చెంగల్రాయులు కాసేపు ఎదురుచూసి, ఒక్కడే బయలుదేరాడు.

భక్తవత్సలం ఎక్కగానే నన్ను అరచేత్తో నెమ్మదిగా తోశాడు. టక్కుమని చప్పుడైంది, అంతే.

"చూసినావా మే, లాక్ ఎంత నున్నగా పడిందో," అన్నాడు భార్యతో. "తలుపును బాదకూడదు. ఇట్ల తోసి విడిచిపెడితే అదే మూసుకుంటాది."

"అడివి చూసేదానికొచ్చి తలుపు చూస్తా ఉండావే," అంది రుక్కమ్మ.

నన్ను అలా మూసినవాడు నా బతుకులో ఆయన ఒక్కడే.

అడవిలో చాలా దూరం పోయాక, ఆయనకు చక్కెర జబ్బు కాబట్టి, ఆపుకోలేని అవసరం వచ్చింది. చాలాసేపు ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుని, కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్నాడు. చివరికి రుక్కమ్మే కనిపెట్టి డ్రైవరును అడిగింది.

"ఈడ దిగకూడదమ్మా," అన్నాడు చెంగల్రాయులు. "ఇంకొంచెం ఓర్చుకోమను, గేటు కాడికి పోతాం."

"ఓర్చుకోలేక కదా నాయనా అడిగేది. పెద్దమనిషి, నలుగురిలో గుడ్డలు తడుపుకోమంటావా?"

చెంగల్రాయులు అటూ ఇటూ చూశాడు. రోడ్డు మలుపు, ఒకవైపు వెదురు, ఇంకోవైపు ఏటవాలు. ఏ అలికిడీ లేదు. బండి ఆపాడు.

"సరే సార్. ఈ చక్రం పక్కనే కానీండి. అడుగు గుడక అవతలికి పోవద్దు."

భక్తవత్సలం నన్ను తెరిచి దిగాడు. చక్రం పక్కన ఒక్క క్షణం నిలబడ్డాడు. కిటికీలోంచి జోషిత ఆయన్నే చూస్తోంది. సిగ్గుపడ్డాడు. వెదురు పొద దాకా నడిచి, దాని చాటుకు పోయాడు. చెంగల్రాయులు "సార్, సార్" అని గొంతు తగ్గించి పిలిచాడు. గట్టిగా పిలిచేందుకు మొహమాటపడ్డాడు.

అంతలో రోడ్డు మీదికి ఏనుగు పిల్ల వచ్చింది. చెవులు ఊపుకుంటూ, ఏమీ ఎరగని దానిలా వచ్చి, వ్యాను వైపు చూసి నిలబడింది. జోషిత చప్పట్లు కొట్టింది. "నాన్నా, బుజ్జి ఏనుగు! బుజ్జి ఏనుగు!" యుగంధర్ ఫోను తీశాడు. అందరి ముఖాల్లోనూ సంతోషం. చెంగల్రాయులు ఒక్కడే స్టీరింగు పట్టుకుని వెదురు వైపు చూస్తున్నాడు. పిల్ల ఉంటే తల్లి ఉంటుంది. ఆ తల్లికీ పిల్లకీ మధ్యలో భక్తవత్సలం ఉన్నాడు.

వెదురు విరిగిన చప్పుడైంది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అరవకుండా, పరిగెత్తకుండా, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి, తల్లికి పిల్ల కనిపించేలా తప్పుకుని ఉంటే ఏమయ్యేదో. అలా చేయమని వాచరు ప్రతి ట్రిప్పులోనూ చెప్పేవాడు. ఆ రోజు చెప్పేవాడు లేడు. ఆయన పరిగెత్తాడు. పంచె కాళ్ళకు చుట్టుకుంటుండగా, నా వైపే పరిగెత్తాడు. వెనక ఏనుగు చెవులు విప్పుకుని వస్తోంది.

నేను సగం తెరిచి ఉన్నాను. నా పక్క సీట్లో యుగంధర్, ఒళ్ళో కూతురు. అతనికి కనిపించింది పరిగెత్తే మనిషి కాదు, ఆ మనిషి వెనక కొండలా కదిలొచ్చే తల. ఫోను కింద పడేసి, రెండు చేతులతో నన్ను లాగి మూసేశాడు.

లాక్ పడింది.

ఆ వెంటనే బయట హ్యాండిల్ మీద భక్తవత్సలం చెయ్యి పడింది. చెమటతో తడిసి, వణుకుతూ ఉంది. "తియ్యప్పా! తియ్యి!" అని అరచేత్తో నన్ను కొట్టాడు. లోపల హ్యాండిల్ మీద యుగంధర్ చెయ్యి. అదీ అంతే తడిగా ఉంది, అంతే వణుకుతోంది. రెండు చేతుల మధ్య ఉన్నది నేనొక్కదాన్నే. ఏది ఎవరిదో చెప్పలేనంతగా ఒకేలా ఉన్నాయి.

రుక్కమ్మ సీట్ల మీదినుంచి దూకి అతని చేతిని గోళ్ళతో పట్టింది.

"తెరువు! మా ఆయన! ఒరే, నా మొగుడ్రా బయట ఉండేది!"

"బిడ్డ ఉండాది అవ్వా, నా బిడ్డ ఉండాది," అంటున్నాడు యుగంధర్. ఏడుస్తున్నాడు, కానీ చెయ్యి తీయలేదు. ఆమె గాజులు పగిలి నేను జరిగే పట్టీలో పడ్డాయి.

ఆ క్షణంలో తెరిచి ఉంటే భక్తవత్సలం ఎక్కగలిగేవాడో, ఆయనతోపాటు ఆ తొండం కూడా లోపలికి వచ్చేదో నాకు తెలియదు. తెరుచుకోవాలని మాత్రం నాలోని ప్రతి ఇనుప ముక్కా కోరుకుంది. తలుపు కోరుకుంటే ఏమవుతుంది?

బయటి చెయ్యి జారిపోయింది. ఆయన కింద పడి, పాకుతూ వ్యాను కిందికి దూరాడు. ఏనుగు వచ్చి నుదుటితో నన్ను గుద్దింది. నవ్వుతున్న ఆ బొమ్మ ఏనుగు మధ్యకు సొట్టపడి లోపలికి వచ్చేసింది. అద్దం పొడైంది. వ్యాను ఒక పక్కకు లేచి మళ్ళీ పడింది.

"పోనీ అన్నా, పోనీ!" అని అరిచాడు యుగంధర్.

"ఎట్ల పోనిచ్చేది? ఆయన కింద ఉండాడు!" చెంగల్రాయులు చెయ్యి తాళం మీదే ఉంది. బండి కదిలిస్తే చక్రాలు ఆయన మీదుగా పోతాయి. కదిలించకపోతే ఏనుగు బండినే ఆయన మీదికి తోస్తుంది. ఆ మెత్తని మనిషి నుదురు స్టీరింగుకు ఆనించి, "సామీ, సామీ" అంటూ ఉండిపోయాడు.

రుక్కమ్మ నేల మీద పడుకుని రేకుకు నోరు ఆనించింది. "ఏమయ్యా, ఉండావా?"

కిందనుంచి గొంతు వచ్చింది, చాలా నెమ్మదిగా. "ఉండాను మే. అరవద్దు. ఎవురూ అరవద్దండి. ఆ బిడ్డను ఏడ్పించొద్దు."

యుగంధర్ కూతురి ముఖాన్ని గుండెకు అదుముకున్నాడు. ఏనుగు ఊపిరి నా పగిలిన కిటికీలోంచి లోపలికి వచ్చింది, పచ్చి ఆకుల వాసనతో. అది మళ్ళీ ఒకసారి తోసింది. ఈసారి గుద్దలేదు, తలతో నెట్టింది. వ్యాను ఏటవాలు వైపు జరిగింది. వెనక చక్రం దేనిమీదో ఎక్కింది. కిందనుంచి వచ్చిన కేకను నేను వర్ణించలేను.

ఆ కేకకు కూడా అది ఆగలేదు. ఆగింది తన పిల్ల అరిచినందుకు. పిల్ల రోడ్డు దాటి అవతల నిలబడి సన్నగా పిలిచింది. తల్లి చెవులు దించి, అటు తిరిగి, దాన్ని తొండంతో ముందుకు తోసుకుంటూ వెళ్ళిపోయింది. దానికి మా మీద పగ ఏమీ లేదు. దాని బిడ్డ దానికి దక్కింది.

డ్రైవరు వైపు తలుపులోంచి అందరికంటే ముందు దిగింది యుగంధరే. కూతుర్ని సీట్లో వదిలేసి, వెనక చక్రం దగ్గర భుజం పెట్టి బండిని ఎత్తబోయాడు. ముగ్గురూ కలిసి జాకీ పెట్టారు, రాళ్ళు పేర్చారు, ఆయన్ని ఇవతలికి లాగారు. నడుము కింద అంతా నలిగిపోయింది. లోపల పడుకోబెట్టాలంటే నేను తెరుచుకోవాలి. సొట్టపడి ఇరుక్కుపోయాను. జాకీ రాడ్డుతో పొడిచి, పొడిచి నన్ను తెరిచారు. అప్పుడు తెరుచుకున్నాను. అంత అక్కర పడిన తలుపును అంత ఆలస్యంగా తెరుచుకున్నాను.

తెరిచాక మళ్ళీ మూసుకోలేదు. దారి పొడుగునా యుగంధర్ నన్ను రెండు చేతులతో లాగి పట్టుకున్నాడు, చిరిగిన రేకు అతని అరచేతులను కోస్తున్నా వదల్లేదు. భక్తవత్సలం తల రుక్కమ్మ ఒళ్ళో ఉంది. ఆయన చాలాసేపు యుగంధర్‌నే చూశాడు. ఏదో అనబోయి, నీళ్ళు అడిగాడు. తాగకుండానే పోయాడు. అడవి గేటు ఇంకా రాలేదు.

కొన్నాళ్ళకు విచారణ జరిగింది. నేను గేటు దగ్గరి షెడ్డులో ఉన్నాను. అధికారి వచ్చి నా సొట్టను, రాడ్డు గుర్తులను చూసి, వాళ్ళ ముగ్గుర్నీ నా ముందే నిలబెట్టి అడిగాడు. "ఆయన పరిగెత్తుకుంటూ వచ్చినప్పుడు తలుపు ఎందుకు తెరుచుకోలేదు?"

చెంగల్రాయులు నేల వైపు చూశాడు. యుగంధర్ చేతులకు కట్లు ఉన్నాయి, భుజం మీద కూతురు నిద్రపోతోంది. అతను నోరు తెరిచాడు. "సార్, నేను..."

"తలుపు పట్టేసింది సార్," అంది రుక్కమ్మ. "ఎంత లాగినా రాలే. ఆ అబ్బోడు శానా లాగినాడు."

అధికారి రాసుకున్నాడు. ఇక దేని గురించీ అడగలేదు.

అతను వెళ్ళాక యుగంధర్ ఆమె కాళ్ళ మీద పడబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"నన్ను తాకొద్దు. నీ కోసరం చెప్పలేదు. ఈ బిడ్డ పెద్దదైనంక ఎవురో ఒకరు అంటారు, నీ కోసరం ఒక ముసలాయన్ను బయట నిలబెట్టినారని. ఆ మాట మోసుకుంటా అది ఎట్ల బతుకుతుంది? నువ్వైతే మోయి. నువ్వు మొయ్యాల్సిందే."

ఆమె నడిచి వెళ్ళిపోయింది. అతను నా ముందు కూర్చుని, పిల్ల లేస్తుందేమోనని శబ్దం లేకుండా ఏడ్చాడు.

నన్ను ఊడదీసి పాత ఇనుము కొట్టుకు వేశారు. తుప్పు పట్టిన డ్రమ్ముల మీద, రోడ్డు వైపు ముఖం పెట్టి పడి ఉన్నాను. ఏనుగు గుద్దేదాకా నాలో ఏ లోపమూ లేదు, నా లాక్ ఎన్నడూ పట్టేయలేదు. అయినా ఆ నింద గురించి నాకు బాధ లేదు. ఒక పసిబిడ్డ బతుకు మీద పడవలసిన బరువు ఒక ఇనుప రేకు మీద పడితే నష్టమేముంది, అని కూడా అనుకున్నాను.

కానీ ఇప్పుడు నాకు భయంగా ఉంది. తప్పు తలుపుదని తేలిపోయింది కాబట్టి, తలుపు మార్చితే సరిపోయిందనుకున్నారు. వాచరు లేకుండా బండి ఎందుకు పోయిందని ఎవరూ అడగలేదు. అడవి నడుమ ఎందుకు ఆపారని అడగలేదు. పిల్ల ఏనుగు కనబడితే మురిసిపోవద్దని, తల్లి దగ్గరలోనే ఉంటుందని, ఏమైనా సరే కిందికి దిగవద్దని ఎవరూ గట్టిగా చెప్పలేదు. నాకు గొంతుంటే నేను చెప్పేదాన్ని. అరిచి చెప్పేదాన్ని.

మా వ్యాను ఇప్పటికీ ఈ రోడ్డు మీదుగానే అడవికి పోతుంది. ఆదివారాలు కిక్కిరిసి ఉంటుంది, అద్దాలకు పిల్లల ముక్కులు ఆనుకుని ఉంటాయి. చెంగల్రాయులే నడుపుతున్నాడు. మనిషి చిక్కిపోయాడు, కానీ ఎవరు బతిమాలినా కాదనలేని ఆ ముఖం మాత్రం మారలేదు. కొత్త తలుపు ఎండలో తళతళలాడుతూ నా ముందునుంచి దాటిపోతుంది. లోపల ఎవరో ఒకరు వెనక సీట్లోంచి ముందుకు వంగి, అతని భుజం తడుతుంటారు, ఏదో అడగడానికి.