ఫ్యాన్ తిరిగినంతసేపు

పొద్దున్నే టీ కాచి గ్లాసు తండ్రి చేతికిచ్చాక భాగ్యరేఖ కంప్యూటర్ ఆన్ చేస్తుంది. హిందీ రాష్ట్రపు ఉక్కు ఊళ్లో, కార్మికుల బస్తీ క్యాంప్ 2లోని ఆ రెండు గదుల ఇల్లు హోరెత్తిపోతుంది. ఆ హోరులో త్రినాథరావుకు చెవులు వస్తాయి. ఒక గుక్క తాగి, "పంచదార తక్కువేసేవేటి?" అంటాడు. "డాక్టరు వద్దన్నాడు కదా నాన్నా" అంటుంది ఆమె. ఆయన వింటాడు.

రోలింగ్ మిల్లులో బతుకంతా చాకిరీ చేసి, చెవులు అక్కడే వదిలేసి రిటైరైన మనిషి ఆయన. డాక్టర్లయ్యారు, చెవి మిషన్లయ్యాయి. చివరికి పాత సామాన్ల కబాడీ కొట్లో దొరికిన ఈ కంప్యూటర్ ఆ పని చేసింది. ఆయన మిల్లు కంట్రోల్ రూములోంచే తుక్కు కింద బయటపడిన ఇనప్పెట్టె అది. దుమ్ముకీ వేడికీ తట్టుకోవాలని దానికి బిగించిన ఫ్యాన్ మహా మొరటుది. అది తిరిగినంతసేపూ ఆయనకు పిల్లి నడిచినా వినిపిస్తుంది. ఆగిందంటే మళ్లీ ఏమీ లేదు. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. పక్కింటి సింహాచలమ్మయితే గుమ్మంలోంచే కేకేసేది. "రేఖా, మిషన్ చాలూ చేసేవేటే? మీ నాన్నతో ఓ మాటుంది."

నిజానికి భాగ్యరేఖ దాన్ని కొన్నది ఉద్యోగం కోసం. ఇంట్లోనే కూర్చుని కస్టమర్ కేర్ కాల్స్ తీసుకునే పని. డిగ్రీ చదివి, బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడి కాళ్లు వాచిపోయిన పిల్లకు అదొక్కటే దారి. కంప్యూటరేమో మిల్లువాళ్ల పాస్‌వర్డ్ అడిగి మొండికేసింది. పాతదంతా తుడిచేసి, కంప్యూటర్ని నడిపించే లినక్స్ ఎక్కించుకో, ఉచితం, అన్నారు ఫోన్లో వీడియోలవాళ్లు. లినక్స్ అన్న మాట వినడం ఆమెకదే మొదలు.

వీడియోలో చెప్పిన బటన్ నొక్కితే పెట్టె ఉలకలేదు, పలకలేదు. ఉన్న బటన్లన్నీ నొక్కగా ఒకదానికి కరుణించింది. పెన్‌డ్రైవ్‌ను ముందు పోర్టు పట్టించుకోలేదు, వెనక పోర్టు ఒప్పుకుంది. హమ్మయ్య ఎక్కిందనుకుంటే వైఫై లేదంది. ఫోన్‌ను వైరుతో తగిలించి నెట్ ఇచ్చింది. నల్లటి తెర మీద అర్థంకాని కమాండ్లు ఒక్కొక్క అక్షరం చూసి కొడుతుంటే, తండ్రి పక్కన కుర్చీ వేసుకుని కబుర్లు చెప్పేవాడు. "కొత్త మిషన్ ఓ పట్టాన మాటినదమ్మా. దాని పక్కన కూకోవాల, అంతే." తల్లి పోయాక వాళ్లిద్దరూ అన్ని మాటలాడుకున్నది ఆ రోజుల్లోనే. ఆమె సంతోషంగా ఉంది.

అన్నీ కుదిరాయి, ఫ్యాన్ తప్ప. లినక్స్‌కు ఆ ఫ్యాన్‌తో పరిచయమే లేదు, అదెప్పుడూ పూర్తి జోరులోనే. ఆ హోరులో ఇంటర్వ్యూ ఎలా? ఏదో ఫోరంలో ఓ పుణ్యాత్ముడు దాన్ని లొంగదీసే కమాండ్ రాసిపెట్టాడు. పని వేళల్లో తగ్గించి, సాయంత్రం పెంచుకుందామని తండ్రీకూతుళ్లు ఒప్పందం చేసుకున్నారు. మిల్లులో మిషన్ ఆపేముందు దగ్గరున్న మనిషికి చెయ్యెత్తి చూపించాలి, అతను తలూపాకే ఆపాలి. "నాకూ అలాగే సెప్పి ఆపు" అన్నాడాయన. రోజూ అలాగే చేసింది.

ఇంటర్వ్యూ కాల్ అనుకున్న వేళకన్నా ముందే వచ్చిపడింది. ఆయన వెనక మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. భాగ్యరేఖ చెయ్యెత్తలేదు. కంగారుగా కమాండ్ కొట్టింది. తెర మీద ఫ్యాన్ వేగం చూపే అంకె కిందికి పడగానే కాల్ ఎత్తింది.

అవతలి మనిషి హిందీలో మర్యాదగానే అడిగాడు. ఇంట్లో ముసలివాళ్లు గానీ రోగులు గానీ ఉన్నారా? ఉంటే మాటిమాటికీ లేవాల్సొస్తుంది, అలాంటివాళ్లను తీసుకోవడం లేదు.

"కోయీ నహీ సర్" అంది. ఎవరూ లేరు, ఒక్కదాన్నే ఉంటానంది. ఎందుకైనా మంచిదని, అడక్కుండానే ఇంకోటి కూడా చేర్చింది. "పాపా గుజర్ గయే." నాన్న పోయాడని.

బరువైన ఫ్యాన్ కమాండ్ కొట్టగానే ఆగదు, ఊపు చచ్చేదాకా తిరుగుతుంది. ఆ మాట అన్నాకే పెట్టెలో చివరి గరగర ఆగింది. ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి చిక్కుడుకాయ ఆయన వేళ్ల మధ్య అలాగే ఉండిపోయింది.

ఉద్యోగం వచ్చింది. సాయంత్రం ఫ్యాన్ పూర్తిగా పెంచి, "నాన్నా, సెలెక్టయ్యాను" అంది. ఆయన తలెత్తలేదు. చెవి దగ్గరికెళ్లి అరిచింది. ఆయన ఆమె పెదాల వంక చూసి, "ఇనబడ్డం నేదమ్మా" అన్నాడు నెమ్మదిగా. సింహాచలమ్మ కూడా వచ్చి మాట్లాడి చూసింది. "మిషన్ మందగించినట్టుందే" అని వెళ్లిపోయింది. మిషన్‌కు ఏ లోపమూ లేదని భాగ్యరేఖకు తెలుసు.

ఆయనకు నిజంగానే వినబడటం లేదో, వినదలుచుకోలేదో ఆమెకు అంతుపట్టలేదు. అడగాలన్నా ఆయన వినాలి కదా. కొన్నాళ్లు రోజూ సాయంత్రం ఫ్యాన్ పెంచి, ఎదురుగా కూర్చుని, తప్పయింది నాన్నా అని చెప్పుకుంది. తర్వాత పెంచడం మానేసింది.

నెలాఖరు మీటింగులో కంపెనీవాళ్లు అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నారు. కాల్స్‌లో చీమ చిటుక్కుమన్న చప్పుడైనా వినిపించని ఇల్లు మీదొక్కటేనన్నారు.